రెండో రాకుమారుడి తరఫున కర్నూలు నుంచి ఒక ఉత్తరం

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో తొంభైల నాటి కంప్యూటర్ ఆటలను గుర్తు చేస్తూ వచ్చిన వ్యాసాన్ని ఇష్టంగా చదివాను. అందులో ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ మొదటి ఆటకు దాదాపు సగం పేజీ దక్కింది. 1993లో వచ్చిన దాని రెండో భాగం ‘ది షాడో అండ్ ది ఫ్లేమ్’ (నీడ, జ్వాల)కు మాత్రం ఒకే ఒక్క వాక్యం దక్కింది. మొదటిదానికి సాటి రాలేదు కాబట్టే రెండోదాన్ని మన ఊళ్ళలో ఎవరూ పట్టించుకోలేదన్నది ఆ వాక్యం సారాంశం. ఆ రెండు ఆటలనూ కర్నూలులో ఆడినవాడిగా, ఈ వేసవిలో రెండోదాన్ని మొదటినుంచి తుదిదాకా ఆడి ముగించినవాడిగా, ఆ తీర్పు సరికాదని మనవి చేస్తున్నాను. ఆటలో లోపాలు లేవని నా వాదన కాదు. ఉన్నాయి, వాటి గురించీ రాస్తాను. అయితే మనవాళ్ళు దాన్ని ఆడకపోవడానికి కారణం ఆ లోపాలు కావు. అసలు దాన్ని ఆడే వీలే మనలో చాలామందికి లేకపోయింది.

నేను బీకాం చదువుతున్న రోజుల్లో, అంటే 1996 ప్రాంతంలో, కర్నూలులో కంప్యూటర్ నేర్చుకోవడమంటే ఏదో ఒక సెంటర్‌లో ఆరు నెలల కోర్సుకు డబ్బు కట్టి, గుమ్మం బయట చెప్పులు విడిచి, గుడ్డ కప్పి ఉంచిన యంత్రం ముందు ఇద్దరిద్దరు చొప్పున కూర్చుని డీబేస్, వర్డ్‌స్టార్ నేర్చుకోవడమే. నేను చేరిన సెంటర్‌లో తొమ్మిది కంప్యూటర్లుంటే ఎనిమిదింటికి రంగుల్లేని తెరలే ఉండేవి. రంగుల తెర ఉన్న ఒక్క యంత్రం సార్ గదిలో ఉండేది, దాని మీద సార్ తప్ప మరొకరు చేయి వేయడానికి లేదు. మొదటి ఆట 1989లో యాపిల్ టూ అనే చిన్న కంప్యూటర్ కోసం తయారై, ఆ తర్వాత అప్పటి పీసీలను నడిపించిన డాస్‌కు వచ్చినది. ఒక ఫ్లాపీలో, అంటే అప్పట్లో ఫైళ్ళు దాచుకునే అరచేతి పలకలాంటి డిస్కులో, ఇమిడిపోయేది, నలుపు తెలుపు తెర మీద కూడా ఏ పేచీ పెట్టకుండా నడిచేది. అందుకే అది జేబులో పెట్టుకుపోయే వస్తువైంది. ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కు, అక్కడి నుంచి నంద్యాలకు, ఆదోనికి, ఏ విద్యార్థి ఊరికి పోతే ఆ ఊరికి పాకిపోయింది. రెండో ఆటకు 256 రంగులు చూపగల వీజీఏ తెర కావాలి, హార్డ్ డిస్క్‌లో తగినంత చోటు కావాలి, ఒకటికి నాలుగైదు ఫ్లాపీలు కావాలి. ఆనాటి సెంటర్లలో ఈ మూడూ కలిసి ఒకే యంత్రానికి, అదీ విద్యార్థి చేతికి అందే యంత్రానికి, ఉండటం ఎంత అరుదో అప్పుడు చదువుకున్నవారిని ఎవరిని అడిగినా చెబుతారు. వ్యాసకర్త లెక్కలోకి తీసుకోనిది ఈ ఒక్క సంగతే.

మాకు ఆ ఆట ఎలా అందిందో చెబితే నా మాట ఇంకా స్పష్టమవుతుంది. హైదరాబాదులో చదువుతున్న మా మిత్రుడొకడు సంక్రాంతి సెలవులకు వస్తూ దాన్ని కుదించి ఐదు ఫ్లాపీల్లో నింపుకొచ్చాడు. అది కొన్న ప్రతి కాదు. ఆటను డబ్బిచ్చి కొంటారన్న మాటే అప్పట్లో మా చెవిన పడలేదు. అది తప్పని ఇప్పుడు తెలుసు, దాచుకోవడానికేమీ లేదు. సార్ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన గదిలోని యంత్రంలోకి ఒక్కో ఫ్లాపీనీ ఎక్కించాం. నాలుగు సాఫీగా ఎక్కాయి. ఐదోది సగంలో కీచుమని ఆగిపోయి, ‘అబార్ట్, రీట్రై, ఫెయిల్’ అన్న మూడు మాటలు తెర మీదికొచ్చాయి. ఎన్నిసార్లు రీట్రై కొట్టినా లాభం లేకపోయింది. ఆట మొదలయ్యేది, రాజభవనం కప్పులూ గుహలూ శిథిల నగరమూ దాటేది, తర్వాత రావలసిన ఆలయం దగ్గర మాత్రం తెర నల్లబడి ఆగిపోయేది. ఆలయం బొమ్మలున్న ఫైలు ఆ ఐదో ఫ్లాపీలోనే చిక్కుకుందని మా మిత్రుడి నిర్ధారణ. కాబట్టి ఈ ఆటను మేము మధ్యలో విడిచిపెట్టామని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆటే మమ్మల్ని మధ్యలో విడిచిపెట్టింది.

ఆ ఐదు ఫ్లాపీలనూ, ఐదోదాన్ని కూడా, ఒక రేకు డబ్బాలో పెట్టి మా పాతనగరం ఇంట్లో గోడ గూట్లో ఉంచాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారిగా ఊరి మీద పడిన సంగతి మీ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మేము మిద్దె ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాం. నీళ్ళు తీశాక ఇంట్లోని బురదను పారలతో ఎత్తిపోస్తున్నప్పుడు ఆ డబ్బా దొరికింది. లోపల ఫ్లాపీలు ఉన్నాయి కానీ, వాటి ఇనుప రెక్కలు తుప్పు పట్టి, పలుచని పళ్ళెం మీద ఒండ్రు ఎండి అట్ట కట్టింది. పట్టాదారు పాసుపుస్తకాలు, పెళ్ళి ఫొటోలు పోగొట్టుకున్న ఊళ్ళో ఆట ఫ్లాపీల గురించి విచారించడం సిగ్గుచేటని అనిపించి అప్పుడు ఎవరితోనూ అనలేదు.

ఈ ఏడు అమెరికాలో ఉండే మా పిన్నమ్మ కొడుకు, అక్కడెవరో ఇంటి ముందు పాత సామాను అమ్ముతుంటే, ఈ ఆట అసలు పెట్టెను పుస్తకంతో సహా కొని నాకు తెచ్చిచ్చాడు. యూఎస్‌బీ ద్వారా తగిలించే ఫ్లాపీ డ్రైవ్ ఒకటి తెప్పించుకున్నాను. ముప్పై ఏళ్ళ ఫ్లాపీలు చదవబడతాయా అన్న భయంతో ఒక్కొక్కటీ పెడుతుంటే, ఆ కీచు శబ్దానికి నాకు మళ్ళీ సార్ గది గుర్తొచ్చింది. ఒకటి నాలుగుసార్లు మొరాయించి ఐదోసారి లొంగింది. ఇక డాస్ లేని నేటి కంప్యూటర్లో డాస్ ఉన్నట్టు నటించే డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. తొమ్మిదో తరగతి ముగించుకుని సెలవులకు వచ్చిన మా మేనల్లుడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆట మొదలుపెట్టాను.

కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. మొదటి ఆటలో జఫర్ అనే దుష్టమంత్రి చెర నుంచి రాకుమారిని 60 నిమిషాల గడువులో విడిపించిన కుర్రవాడికి సుల్తాను ఆమెనిచ్చి పెళ్ళి చేస్తాడు. రెండో ఆట సరిగ్గా 11 రోజుల తర్వాత మొదలవుతుంది. అతడు కొలువులోకి అడుగుపెట్టగానే ఒంటి మీది పట్టుబట్టలు చింకిపాతలవుతాయి. ఎవరూ గుర్తుపట్టరు. రాకుమారితో మాట్లాడబోతే, అచ్చం తన రూపంలోనే ఉన్న మరొకడు చీకట్లోంచి ముందుకొచ్చి ‘ఈ బిచ్చగాణ్ణి గెంటేయండి’ అంటాడు. ఆ వచ్చినవాడు జఫర్. మన రాకుమారుడు కిటికీలోంచి దూకి, భటులు తరుముతుండగా ఇళ్ళ కప్పుల మీద పరుగెత్తి, రేవు వదిలి వెళ్ళిపోతున్న ఓడలోకి దూకడంతో మొదటి లెవెల్ ముగుస్తుంది. ఆ తర్వాత ఓడ మీద పిడుగు పడుతుంది, అతడు ఏదో దీవి ఒడ్డున తేలతాడు.

అప్పట్లో మా బృందంలో ఒక్కడికి కూడా ఇంగ్లీషు సరిగా అర్థమయ్యేది కాదు. అయినా ఈ కథ మాకు మొదటి చూపులోనే అర్థమైపోయింది. మాంత్రికుడు రాకుమారుడి రూపం ధరించి అంతఃపురంలో కూర్చోవడం, అసలు రాకుమారుడు అడవుల పాలై ఎగిరే తివాచీ మీద, మాయగుర్రం మీద తిరిగి తిరిగి బలం సంపాదించుకుని రావడం టూరింగ్ టాకీసులో జానపద చిత్రాలు చూసి పెరిగిన ఏ తెలుగువాడికైనా కరతలామలకమే. మొదటి ఆటలో కథ పెద్దగా లేదు. చెరసాల, మెట్లు, భటులు, గడియారం, అంతే. కథకోసం ఆట ఆడే అలవాటు మాలో కొందరికి కలిగించింది రెండో ఆటే. పేరూ రూపమూ కూడా పోగొట్టుకున్నవాడి చేత ఆడించడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదని నా అభిప్రాయం.

ఇక ఆడే తీరు. బాణం గుర్తు మీట నొక్కితే మనిషి పరుగెత్తుతాడు, షిఫ్ట్ కీ పట్టుకుని నొక్కితే ఒకే ఒక్క అడుగు ఆచితూచి వేస్తాడు. పరుగులో ఉన్నవాడు మీట వదలగానే బొమ్మలా నిలిచిపోడు, ఇంకొంచెం జారి ఆగుతాడు. దూకాలంటే ఎక్కడ నుంచి దూకాలో ముందే నిర్ణయించుకోవాలి. ఫోన్ ఆటలకు అలవాటుపడిన మా మేనల్లుడు మొదటి అరగంటలో పదిహేనుసార్లైనా కప్పు అంచు మీదనుంచి కింద పడి, విసుగొచ్చి, “ఏంది మామా, వీనికి చెప్తే వెంటనే యినడే!” అన్నాడు. “వాడు వింటాండాడు రా, నువ్వే ఆలస్యంగా చెప్తాండావు” అన్నాను. ఆ కదలికకు అంత బరువు ఉండటానికి కారణం ఉంది. మొదటి ఆటను రూపొందించిన జోర్డన్ మెక్నర్ 1985లో తన తమ్ముడు డేవిడ్ చేత తెల్లబట్టలు కట్టించి, పరుగెత్తించి, గోడలు ఎక్కించి, దూకించి, వీడియో తీసి, ఆ చిత్రాలను ఒక్కొక్కటిగా చూస్తూ కంప్యూటర్ బొమ్మలుగా మార్చాడు. కత్తియుద్ధానికి 1938 నాటి ఒక హాలీవుడ్ చిత్రంలోని ద్వంద్వయుద్ధాన్ని ఆధారం చేసుకున్నాడు. సంగీతం కూర్చినది ఆయన తండ్రి. రెండో ఆటకు కథ, రూపకల్పన మెక్నర్‌వే అయినా, ప్రోగ్రామ్ రాసే పనిని బ్రోడర్‌బండ్ సంస్థలోని బృందం చేసింది. అయినా ఆ మనిషి నడక మాత్రం మారలేదు. మొదటి ఆటలో చెరసాల బండలలో కొన్ని కాలు పెడితే ఊగి, మరుక్షణం కింద పడేవి. మా ఇంట్లో పరిచిన బేతంచెర్ల బండల్లోనూ పూజగది ముందరిది ఒకటి అలాగే ఊగేది కాబట్టి, దాని మీద కాలు పెట్టినప్పుడల్లా నాకు కడుపులో అదోలా ఉండేది.

మొదటి ఆటకూ రెండోదానికీ అసలు తేడా తెర మీద కనబడేది. మొదటిదానిలో అవే రాళ్ళు, అవే స్తంభాలు లెవెల్ మార్చి లెవెల్‌లో తిరిగి వస్తాయి. 12 లెవెళ్ళలో రెండు రకాల భవనాలే ఉంటాయి. రెండోదానిలోని 14 లెవెళ్ళలో సముద్రపు ఒడ్డు, గుహలు, పాములు తిరిగే పాడుబడిన నగరం, పక్షి తలల కాపలాదారులున్న ఎర్రని ఆలయం, చివరికి మళ్ళీ రాజభవనం, దేనికది వేరుగా చిత్రించిన నేపథ్యాలు. గుహల భాగం మాకు ప్రత్యేకంగా నచ్చేది. కొండారెడ్డి బురుజు కింద సొరంగం ఉందని, అది తుంగభద్ర అడుగున సాగి గద్వాల దాకా పోతుందని మా పెద్దలు చెప్పేవారు. లేచి నిలబడి కత్తి దూసే అస్థిపంజరాలున్న ఆ గుహల్లో దీపం వెలుతురులో నడుస్తున్నప్పుడు మేము పర్షియాలో ఉన్నామని ఎన్నడూ అనుకోలేదు, బురుజు కిందే ఉన్నామనుకునేవాళ్ళం. తరువాతి కాలంలో కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలకు వెళ్ళి, 3,229 మీటర్ల పొడవున్నదని చెప్పే ఆ గుహలో పాతాళగంగ దాకా దిగినప్పుడు కూడా, షిఫ్ట్ కీ నొక్కినట్టు నాకు తెలియకుండానే ఒక్కో అడుగు జాగ్రత్తగా వేశాను. నవ్వుకోండి.

లోపాల సంగతి రాస్తానన్నాను. మొదటి ఆటలో ఒక తెర మీద ఒకే శత్రువు ఉండేవాడు. ఆ పోరులో ఒక పద్ధతి ఉండేది. ఎదుటివాడి భుజం చూసి ఎప్పుడు అడ్డుకోవాలో, ఎప్పుడు పొడవాలో తెలిసేది. రెండో ఆటలో ఒకేసారి నలుగురు దాకా వస్తారు, ముందొకడు వెనకొకడు చేరి నలిపేస్తారు. చాలాచోట్ల ఇది నైపుణ్యానికి కాక ఓపికకు పరీక్షగా తయారైంది. శిథిల నగరంలో గాలిలో తేలుతూ వచ్చే తలకాయలు మరీ దారుణం; వాటిని కొట్టడం కత్తి పట్టినవాడి పనిలా కాక చీపురుతో కందిరీగల్ని తోలినట్టు ఉంటుంది. ఇంకొకటి, గడువు. దీనికి 75 నిమిషాలు ఇచ్చారు కానీ, మొదటి లెవెళ్ళలో ఆ సంగతి తెర మీద కనిపించదు. బాగా దూరం వెళ్ళాకే మిగిలిన సమయం చూపడం మొదలవుతుంది. తీరిగ్గా మూలమూలలు వెతికి బలమిచ్చే ఔషధం సీసాలు తాగుతూ వచ్చినవాడికి అప్పుడు తెలుస్తుంది తాను ఎంత ఖర్చు చేశాడో. మొదటి ఆటలో గడువు సంగతి మొదటి నుంచీ తెలిసేది, అది న్యాయం. మొదటిది ఈ విషయాల్లో మెరుగైన ఆట అని వ్యాసకర్త రాసి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

మరో అనుమానం కూడా ఉంది. 2013లో యూబీసాఫ్ట్ సంస్థ ఇదే పేరుతో ఈ ఆటను కొత్త బొమ్మలతో ఫోన్ల కోసం తిరిగి చేసింది. వేలితో తెరను తాకుతూ ఆడే ఆ ఆటలో పాత నడక బరువు లేదు. వ్యాసకర్త దాన్ని ఆడి 1993 నాటి ఆట మీద తీర్పు చెప్పారేమోనని నాకు అనుమానం. అదే నిజమైతే కాపీ పేపరు చూసి అసలు పేపరుకు మార్కులు వేసినట్టే.

ముప్పై ఏళ్ళు దాటిన ఆట కాబట్టి ముగింపు గురించి రాసినా ఎవరి ఆనందమూ చెడదని అనుకుంటాను. శిథిల నగరంలోని పాడుబడిన సింహాసనం దగ్గర ఒక స్త్రీ ఆత్మ రాకుమారుడికి కనిపించి తాను అతడి తల్లినని, ఆ నగరం అతడిదేనని, శత్రువుల ఊచకోతలో మిగిలిన ఒక్క బిడ్డవు నీవేనని చెబుతుంది. 1996లో మేము ఆగిపోయింది సరిగ్గా దీని తర్వాతే. తండ్రి కత్తి చేతికొచ్చింది, గుర్రం ఎక్కాం, తెర నల్లబడింది. ఇన్నేళ్ళూ నా మనసులో అతడు ఆ గుర్రం మీదే ఉండిపోయాడు. ఈ మే నెలలో ఒక రాత్రి, కరెంటు పోతుందేమోనని ఇద్దరమూ ఫ్యాను వంక చూస్తూ ఆడుతుండగా, గుర్రం ఎగిరింది, నల్లబడిన తెర మళ్ళీ వెలిగింది, ఎర్రని గోడలతో ఆలయం కనబడింది. ఐదో ఫ్లాపీలో ఉన్నది ఇదన్నమాట అని పైకే అన్నాను. మా మేనల్లుడికి ఆ మాట అర్థం కాలేదు. ఆలయంలోని జ్వాలను సాధించి, చదరంగపు గళ్ళ నేల మీద జఫర్‌ను దహించి, ఆట ముగించడానికి మాకు ఇంకో నాలుగు రాత్రులు పట్టింది. అందులో ఒక చిక్కుముడిని పెట్టెతో వచ్చిన పుస్తకం కూడా విప్పలేదు, వాడే విప్పాడు. ఎలా విప్పాడో నాకు చెప్పకుండా గర్వంగా తిరుగుతున్నాడు.

ఆట పేరులోని ఆ నీడ గురించి ఒక ముచ్చట చెప్పి ముగిస్తాను. మొదటి ఆట రాస్తున్నప్పుడు యాపిల్ టూలో కొత్త శత్రువు బొమ్మలకు మెమరీలో చోటు మిగలలేదు. అప్పుడు మెక్నర్ రాకుమారుడి బొమ్మలనే కొద్దిగా మార్చి గీయించి, అద్దంలోంచి దూకి వచ్చే నీడ మనిషిని పుట్టించాడు. చోటు లేకపోవడం వల్ల పుట్టిన ఆ నీడ రెండో ఆటకు పేరే అయింది. అయితే ఆ మొదటి ఆట ప్రోగ్రామ్ అసలు ప్రతి రెండు దశాబ్దాలకు పైగా కనబడకుండా పోయింది. 2012లో మెక్నర్ తండ్రి ఇంట్లో అలమర వెనక నుంచి ఒక అట్టపెట్టె బయటపడింది, అందులో ఆ ఫ్లాపీలు ఉన్నాయి. పాత ఫ్లాపీలు చదవడంలో ఆరితేరినవాళ్ళను పిలిపించి, ఒక్కొక్కటీ చదివించి, ఆ ప్రోగ్రామ్‌ను అందరికీ కనబడేలా ఇంటర్‌నెట్‌లో పెట్టారు. అంత పేరున్న ఆటకే ఆ గతి పట్టబోయి తప్పిందంటే, మన ఊళ్ళ కంప్యూటర్ సెంటర్లలో పిల్లలు బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకున్న చిన్న చిన్న ఆటలు, తెలుగు అక్షరాలు తెర మీద రాబట్టడానికి చేసిన ప్రయత్నాలు ఎన్ని ఏ గూళ్ళలో తుప్పు పడుతున్నాయో ఆలోచించండి.

కాబట్టి నా మనవి రెండు విషయాల గురించి. రెండో ఆట మీద వేసిన ఆ ఒక్క వాక్యాన్ని తదుపరి అనుబంధంలో సవరించమని వ్యాసకర్తను కోరుతున్నాను, కావాలంటే మా ఇంటికి వచ్చి ఆడి చూసి రాయవచ్చు. రెండోది, కర్నూలులో గానీ చుట్టుపక్కల గానీ ఎవరి దగ్గరైనా ఆనాటి ఫ్లాపీలు ఉంటే మీ కార్యాలయం ద్వారా కబురు చేస్తే, నా దగ్గరున్న డ్రైవ్‌తో చదివి, చదవగలిగినంతవరకు కాపీ చేసి, ఫ్లాపీలను తిరిగి అప్పగిస్తాను. దీనికి డబ్బేమీ అక్కర్లేదు. బూజు పట్టినవైనా సరే, పారేయకుండా ఉంచండి. పాతనగరంలో కింది ఇళ్ళలో ఉండేవారు మాత్రం తుంగభద్రకు నీళ్ళు రాకముందే పంపితే బాగుంటుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పాతనగరం, కర్నూలు